ఫ్రీజర్‌లో పెట్టిన తోలుకి బొచ్చు ఎందుకు ఊడింది?

ప్రశ్న: అమెరికాలో ఉండే మా మామయ్య జంతువుల తోలుతో నిజమైన జంతువులా కనిపించే బొమ్మలు చేయడం నేర్చుకుంటున్నాడు. మాంసం కోసం కుందేళ్లు పెంచే ఒక రైతు దగ్గర తోలు తెచ్చుకుని ఫ్రీజర్‌లో పెట్టాడట. కొన్నాళ్లకి తీసి పని మొదలుపెడితే పొట్ట దగ్గర బొచ్చంతా చేతికి వచ్చేసిందట. ఫ్రీజర్‌లో పెట్టింది పాడవకూడదు కదా? మరి బొచ్చు ఎందుకు ఊడింది?
– ఎనిమిదో తరగతి పాఠకురాలు

జవాబు: “ఫ్రీజర్‌లో పెట్టింది పాడవకూడదు కదా” అన్నావు చూడు, ఆ మాట సగం నిజం. మిగతా సగం తెలియాలంటే తోలు అంటే ఏమిటో, దానికి బొచ్చు దేని ఆధారంతో నిలబడుతుందో ముందు చూడాలి. అది తెలిస్తే మీ మామయ్య తోలు ఎక్కడ దెబ్బతిందో మనమే పట్టుకోవచ్చు. పెద్దవాళ్లకి కూడా తెలియని సంగతులు ఇందులో చాలా ఉన్నాయి కాబట్టి నెమ్మదిగానే వెళదాం.

మ్యూజియంలో గాజు అద్దాల వెనక నిలబడ్డ పులిని చూసినప్పుడు, లోపల మాంసం, ఎముకలు అన్నీ అలాగే ఉన్నాయనీ, కుళ్లకుండా ఏదో మందు ఎక్కించారనీ చాలామంది అనుకుంటారు. అలా ఏమీ ఉండదు. అందులో పులిది అని చెప్పుకోదగ్గవి సాధారణంగా తోలు, బొచ్చు, మీసాలు, గోళ్లు, అంతే. కళ్లు గాజువి. నాలుక, చిగుళ్లు రంగు వేసిన బొమ్మలు. లోపలి ఒళ్లంతా మనిషి చెక్కిందే. ఈ విద్యని టాక్సిడెర్మీ (చచ్చిన జంతువు తోలుని దాని రూపంలోనే నిలబెట్టడం) అంటారు. పాత రోజుల్లో తోలు సంచిలో గడ్డి, పీచు కుక్కి కుట్టేసేవారు. అందుకే ఆ కాలపు జంతువులు బస్తాల్లా ఉబ్బి కనిపిస్తాయి. అమెరికాలో కార్ల్ ఏక్‌లీ అనే ఆయన (1864–1926) ఈ పద్ధతి మార్చాడు. జంతువు కండరాలు ఎక్కడ ఉబ్బుతాయో, ఎక్కడ లోతు పడతాయో చూసి ముందు శిల్పంలా ఒళ్లు తయారు చేసి, దాని మీద తోలు తొడిగాడు. 1890లో మిల్వాకీ మ్యూజియం కోసం ఆయన చేసిన నీటి ఎలుకల దృశ్యం ఇవాళ్టికీ అక్కడే ఉంది. మన దేశంలో ఈ పనికి పేరు పడ్డది మైసూరులోని వాన్ ఇంజెన్ కుటుంబం. రాజులు, దొరలు వేటాడిన పులులు, చిరుతలు అక్కడికి చేరేవి. 1999లో ఆ కార్ఖానా మూతపడింది.

జంతువుది అంటూ మిగిలేది తోలు ఒక్కటే అయినప్పుడు, ఆ తోలు చెడితే ఎంత గొప్ప శిల్పం చెక్కినా వృథా. ఈ విద్యలో కొత్తవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది కూడా బొమ్మ నిలబెట్టే చోట కాదు, అంతకు ముందే, తోలు దగ్గరే.

తోలుని అడ్డంగా కోసి భూతద్దంతో చూస్తే పొరలు కనిపిస్తాయి. అన్నిటికంటే పైన కాగితం కన్నా పలుచగా ఉండేది ఎపిడెర్మిస్ (పై పొర). దాని కింద మందంగా ఉండేది డెర్మిస్ (అసలు తోలు). చెప్పులకీ బెల్టులకీ పనికొచ్చేది ఈ రెండో పొరే. దీన్ని అల్లింది కోలాజెన్ అనే మాంసకృత్తు. ఒక్కో కోలాజెన్ అణువులో మూడు పోగులు ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉంటాయి. ఈ మెలిక రహస్యాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రపంచానికి చెప్పారు. అంత గట్టిగా పేనుకుని ఉంటుంది కాబట్టే సూక్ష్మజీవులకి కోలాజెన్ ఒక పట్టాన లొంగదు. డెర్మిస్ కింద కొవ్వు, పలుచటి కండ, జిగట పొర ఉంటాయి. అవి తోలుని ఒంటికి అతికి ఉంచేవి.

మరి వెంట్రుక ఎక్కడుంది? దాని కుదురు డెర్మిస్‌లోకి దిగి ఉంటుంది కానీ, డెర్మిస్‌కి నేరుగా అతుక్కుని ఉండదు. పై పొరే ఒక చిన్న సంచిలా లోపలికి దిగి వెంట్రుక మొదలుని పట్టుకుంటుంది. ఆ సంచి గోడలు మెత్తటి, తడి ఉన్న, మొన్నమొన్నటిదాకా బతికున్న కణాలతో కట్టినవి. అసలు కీలకం ఇక్కడుంది. తోలులో అన్నిటికన్నా గట్టిది డెర్మిస్, అన్నిటికన్నా ముందు కుళ్లేది వెంట్రుకని పట్టుకున్న ఈ మెత్తటి గోడ. కాబట్టి తోలు చూడ్డానికి బాగానే ఉంటుంది, వాసన కూడా పెద్దగా రాదు, కానీ పట్టు సడలిపోతుంది. వేలితో రుద్దితే వెంట్రుకలు కుచ్చులుగా, అడుగున బూడిదరంగు పొరతో సహా వచ్చేస్తాయి. ఈ పనివాళ్లు దీన్ని ‘స్లిప్’ అంటారు. ఒకసారి ఊడిన చోట మళ్లీ బొచ్చు నిలబెట్టే మందు లేదు.

తోళ్ల పరిశ్రమలో ఇదే పని కావాలని చేస్తారు. చెప్పులకి బొచ్చు అక్కర్లేదు కాబట్టి పచ్చితోళ్లని సున్నపు నీళ్లలో నానబెడతారు. సున్నం ఆ మెత్తటి గోడల్ని కరిగిస్తుంది, బొచ్చు గీకితే వచ్చేస్తుంది, డెర్మిస్ మాత్రం నిలుస్తుంది. మీ మామయ్య తోలుకి సున్నం లేకుండానే ఆ పని జరిగిపోయింది.

చేసిందెవరు? ఇద్దరు. ఒకరు బ్యాక్టీరియా. జంతువు బతికున్నన్నాళ్లూ దాని చర్మం మీద, పేగుల్లో కోట్ల సంఖ్యలో ఉంటాయి. ప్రాణం పోగానే వాటిని అదుపు చేసేవాళ్లు ఉండరు. రెండోది జంతువు ఒంట్లోని ఎంజైములే. కణం చచ్చిపోగానే దాని లోపలి ఎంజైములు బయటపడి ఆ కణాన్నే కరిగించడం మొదలుపెడతాయి. ఈ రెండు పనులకీ వెచ్చదనం, తడి కావాలి. అప్పుడే చచ్చిన కుందేలు ఒంట్లో రెండూ దండిగా ఉంటాయి. పైగా చలిని ఆపడానికి పుట్టిన దట్టమైన బొచ్చు చచ్చాక కూడా లోపలి వేడిని బయటికి పోనివ్వదు.

ఇప్పుడు ఫ్రీజర్ సంగతి. ఇంట్లో రుబ్బిన ఇడ్లీ పిండి ఉందనుకో. బయట పెడితే పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే పులవడం దాదాపు ఆగుతుంది. కానీ అప్పటికే పులిసిపోయిన పిండిని ఫ్రిజ్‌లో పెడితే అది తీపి కాదు కదా! తీసి మళ్లీ బయట పెడితే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ పులుస్తుంది. తోలు కూడా అంతే. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుంది, ఎంజైముల పని బాగా మందగిస్తుంది. కానీ బ్యాక్టీరియా చావవు. అప్పటిదాకా జరిగిన నష్టం పూడదు. ఫ్రీజర్ ఆపుతుంది, బాగుచేయదు.

అక్కడితో అయిపోతే బాగుండును. ఫ్రీజర్ తనవంతుగా రెండు చిన్న నష్టాలు కూడా చేస్తుంది. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టడం నిదానంగా జరుగుతుంది, నిదానంగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవిగా పెరుగుతాయి, వాటి అంచులకి కణాల పైపొరలు చిట్లుతాయి. మంచు కరగ్గానే ఆ కణాల్లోని రసం, ఎంజైములు బయటికి కారతాయి. నిద్రలేచిన బ్యాక్టీరియాకి అది సిద్ధంగా వడ్డించిన విస్తరి. అందుకే ఒకసారి గడ్డకట్టి కరిగిన తోలు తాజా తోలు కన్నా తొందరగా పాడవుతుంది. కరిగించి, మళ్లీ గడ్డకట్టించి, మళ్లీ కరిగిస్తే చెప్పనక్కర్లేదు.

రెండో నష్టం ఎండిపోవడం. ఫ్రీజర్‌లో మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరై పోతుంటుంది. సంచిలో గాలి ఉంటే తోలులోని తడి ఆ గాలిలోకి పోయి సంచి లోపలి అంచు మీద తెల్లటి నూగులా పేరుకుంటుంది. తోలు మాత్రం అక్కడ అట్ట కడుతుంది. పలుచగా ఉండే చెవి అంచులు, ముక్కు, పెదవులు, కాలివేళ్లు మొదట దెబ్బతింటాయి. అలా ఎండిన చెవి ఎంత నానబెట్టినా మళ్లీ పూర్తిగా మెత్తబడదు. మంచు పేరుకోకుండా తనంతట తానే కరిగించుకునే ఫ్రిజ్‌లు మనకి సుఖమే కానీ, తోలుని ఇంకా తొందరగా ఎండబెడతాయి. అప్పుడప్పుడూ లోపల కాస్త వేడి పుట్టించి, పేరుకున్న మంచుని కరిగించి ఆ నీటిని బయటికి పంపడమే వాటి పద్ధతి కాబట్టి. (ఈ ఎండడాన్నే ఆయుధంగా వాడేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో పెంపుడు పిల్లులు చనిపోతే గాలి తీసేసిన యంత్రంలో గడ్డకట్టించి నెలల తరబడి ఎండబెట్టి అదే రూపంలో దాచుకుంటారు. అది వేరే విద్య. ఇంటి ఫ్రీజర్‌తో అయ్యేది కాదు.)

ఇంత తెలిశాక మీ మామయ్య తోలు దగ్గరికి వద్దాం. బొచ్చు పొట్ట దగ్గర ఊడిందని రాశావు. అది మంచి ఆధారం. పేగులు ఉండేది పొట్టలో, బ్యాక్టీరియా ఎక్కువ ఉండేది పేగుల్లో, కాబట్టి మొదట కుళ్లేది పొట్ట తోలు. కొన్నిసార్లు అక్కడ తోలు పచ్చబడుతుంది కూడా. తోలు ఒలిచేదాకా ఆ కుందేలు చాలాసేపు వెచ్చగా పడి ఉందన్నమాట. అంటే తప్పు చాలావరకు ఫ్రీజర్‌లో పెట్టకముందే జరిగింది. అదే చెవుల చుట్టూ, మూతి మీద ఊడి ఉంటే కరిగించేటప్పుడు ఆలస్యం చేశాడని అనుకోవచ్చు. అంచులు అట్టకట్టి ఉంటే సంచిలో గాలి వదిలేశాడని అర్థం. ఎక్కడ చెడిందో చూస్తే ఎప్పుడు చెడిందో తెలుస్తుంది.

ఇక ఎలా చేయాలి?

మొదటి పని చలవ. కుందేలు, ఉడత లాంటి చిన్నవాటిని వీలైనంత త్వరగా చల్లబరచాలి. ఇవి లోపలిదాకా త్వరగా గడ్డకడతాయి కాబట్టి తోలు ఒలవకుండా అలాగే ఫ్రీజర్‌లో పెట్టినా నష్టం తక్కువ. జింక లాంటి పెద్దవాటిని అలా పెడితే పైన గడ్డకట్టి లోపల గంటల కొద్దీ వెచ్చగానే ఉంటుంది. వాటికి ముందు తోలు ఒలవాల్సిందే. కొత్తవాళ్లు మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది, అది కొలతలు. కంటి మూల నుంచి ముక్కు దాకా, మెడ చుట్టూ, ఛాతీ చుట్టూ, తల నుంచి తోక మొదలు దాకా ఎంతుందో తోలు ఒలవక ముందే కొలిచి రాసుకోవాలి. ఫొటోలు కూడా తీసుకోవాలి. ఒలిచిన తోలు అటూ ఇటూ సాగుతుంది, దాన్ని కొలిస్తే అబద్ధం చెబుతుంది. రేపు లోపలి ఒళ్లు తయారు చేయాల్సింది ఈ కొలతల్ని బట్టే.

తోలుని ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు లోపలి వైపులు రెండూ ఒకదానికొకటి తగిలేలా, బొచ్చు బయటికి ఉండేలా మడిచి చుట్టాలి. తడిగా ఉండాల్సింది లోపలి వైపు కాబట్టి అలా చేస్తే అది గాలికి తగలదు. చెవులకీ పాదాలకీ తడిపి పిండిన పేపర్ టవల్ చుట్టాలి. గాలంతా నొక్కేసి గట్టి సంచిలో కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టాలి. సంచి మీద తేదీ రాయాలి. న్యూస్ పేపర్లో చుట్టకూడదు. పేపరు తడి లాగేసుకుంటుంది, చలి లోపలికి పోకుండా అడ్డుపడుతుంది కూడా. ఉప్పు చల్లి ఫ్రీజర్‌లో పెడితే ఇంకా మంచిదేమో అని కొందరికి తోస్తుంది. అది మంచిది కాదు. ఉప్పు కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. తోలు కొంత గడ్డకట్టి, కొంత కట్టక, ఆ సగం సగం స్థితిలో ఎక్కడికక్కడ ఒక్కోలా తయారవుతుంది. ఉప్పు పెడితే ఉప్పుతోనే ఎండబెట్టాలి, లేదా ఉప్పు లేకుండా ఫ్రీజర్‌లో పెట్టాలి. రెండిట్లో ఏదో ఒకటి.

తిండి పెట్టే ఫ్రీజర్‌లో దీన్ని పెట్టొద్దని నా సలహా. కుందేళ్ల నుంచి మనుషులకి సోకే టులరీమియా అనే జ్వరం ఉంది. దాని బ్యాక్టీరియా ఫ్రీజర్‌లో చావదు. రేబీస్ వైరస్ కూడా చలికి చావదు. కాబట్టి గడ్డకట్టిన తోలే కదా అని చేతులకి గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు.

తరవాత కరిగించడం. అన్నిటికన్నా ఓపిక కావాల్సింది ఇక్కడే, అందరూ తొందరపడేదీ ఇక్కడే. సంచిని ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. కుందేలు తోలైతే రాత్రి పెడితే తెల్లారేసరికి మెత్తబడుతుంది. వేడినీళ్లు, మైక్రోవేవ్, ఎండ వీటి జోలికి పోకూడదు. ఎందుకంటే చుట్ట పైభాగం కరిగి వెచ్చబడే సమయానికి మధ్యలో ఇంకా రాయిలా ఉంటుంది. మధ్యది కరిగేదాకా ఆగితే పైది కుళ్లడం మొదలవుతుంది. చెవులు, మూతి, పాదాలు చిన్నవి కాబట్టి అన్నిటికన్నా ముందు కరిగి, అన్నిటికన్నా ఎక్కువసేపు కరిగిన స్థితిలో ఉంటాయి. మన ఊళ్లలో మే నెలలో వంటింటి గట్టు మీద పెడితే ఇది గంటల్లో జరిగిపోతుంది. మరీ తొందరైతే మూసిన సంచిని చల్లటి నీళ్లలో ముంచి పెట్టొచ్చు. మడతలు విప్పగలిగేంత మెత్తబడగానే విప్పేయాలి. ఆ రోజు వేరే పని పెట్టుకోకూడదు.

విప్పగానే చూడాల్సింది బొచ్చు. పొట్ట, తొడ సందులు, చెవుల మొదళ్ల దగ్గర రెండు మూడు వెంట్రుకలు పట్టుకుని మెల్లగా లాగాలి. తెగి వస్తే, ఒకటీ అరా వస్తే పర్వాలేదు. కుచ్చుగా వస్తే ఆ తోలు మీద ఇంకో పదిరోజుల శ్రమ పెట్టడం దండగ. దాన్ని గీకడం నేర్చుకోవడానికి వాడుకోవచ్చు. మీ మామయ్య కూడా అదే చేస్తే మంచిది.

తరవాత గీకుడు. తోలు లోపలి వైపున్న కండ, కొవ్వు, జిగట పొర పూర్తిగా తీసేయాలి. ఎందుకు? ఇక ముందు వేసే ఉప్పుకీ పులుపుకీ కొవ్వు దారి ఇవ్వదు. కొవ్వు ఉన్న చోట అవి ఇంకవు, ఇంకని చోట బొచ్చు ఊడుతుంది. అంతేకాదు, మిగిలిన కొవ్వు ఏళ్ల తరవాత కూడా నెయ్యిలా ముక్కిపోయి తోలుని లోపలి నుంచి కాలుస్తుంది. గుండ్రటి దుంగ మీద తోలు పరిచి, మొద్దు కత్తితో తోసినట్టు గీకాలి. కుందేలు తోలు మరీ పలుచన. గట్టిగా నొక్కితే చిరుగుతుంది. అందుకే చాలామంది కుందేలుకి పెద్ద కొవ్వు ముద్దలు మాత్రం ముందు తీసి, పొరని పులుపు నీళ్లలో నానాక వేళ్లతో ఒలుస్తారు. అప్పుడు అది ఉబ్బి, అంచు దొరికితే ఒకే ముక్కగా వస్తుంది.

మొహం దగ్గర అసలు నేర్పు తెలుస్తుంది. పెదవి నిజానికి రెండు పొరల మడత, దాన్ని లోపలి నుంచి విప్పదీయాలి. కనురెప్పలు కూడా అంతే. చెవిని తొడుగులా లోపలి నుంచి తిరగేసి వెనక తోలుకీ మృదులాస్థికీ మధ్య విడదీయాలి. ముక్కులోని మృదులాస్థిని సన్నగా చెక్కాలి. ఇవి విప్పకపోతే ఉప్పు రెండు వైపుల నుంచీ మధ్యకి చేరలేదు. కొత్తవాళ్ల బొమ్మల్లో చెవులు ముడుచుకుపోవడం, పెదవులు వెనక్కి పోయి పళ్లు ఇకిలించినట్టు కనిపించడం ఎక్కువగా ఈ పని సరిగా చేయకే.

గీకిన తోలుకి ఉప్పు పట్టించాలి. సన్న ఉప్పు, సాధారణంగా అయోడిన్ లేనిది, తోలు ఎంత బరువుంటే అంత. కళ్లు ఉప్పు పలుకు పెద్దది కాబట్టి తోలుకి అక్కడక్కడే తగులుతుంది, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. ఉప్పు తోలులోని నీటిని బయటికి లాగుతుంది. నీరు లేని చోట బ్యాక్టీరియా పెరగలేవు. వాలుగా పెట్టిన చెక్క మీద పరిస్తే ఆ నీరు కారిపోతుంది. ఒక రోజయ్యాక తడిసిన ఉప్పు దులిపి కొత్త ఉప్పు వేయాలి. దులిపిన ఉప్పు మళ్లీ వాడకూడదు, ఉప్పులోనూ బతికే బ్యాక్టీరియా కొన్ని ఉన్నాయి. కుందేలు లాంటి పలుచటి తోలుకి ఈ మెట్టు దాటేసి నేరుగా పులుపు నీళ్లలో వేసేవాళ్లూ ఉన్నారు. జింకకి మాత్రం తప్పదు. మన మటన్ దుకాణాల్లోంచి తోళ్లు కొనుక్కుపోయేవాళ్లు కూడా మొదట చేసేది ఉప్పు పట్టించడమే.

ఉప్పు కుళ్లడాన్ని వాయిదా వేస్తుందే కానీ, పచ్చితోలుని పచ్చితోలుగానే ఉంచుతుంది. అది ఎలాంటిదో తెలియాలంటే మన డప్పు చూడాలి. డప్పుకి వేసేది పదును పెట్టని (టానింగ్ చేయని) మేకతోలు. ఎండితే బిగుసుకుంటుంది, గాలిలో తేమ తగిలితే సడలుతుంది. అందుకే వాయించే ముందు మంట దగ్గర కాచుకుంటారు. నిమ్మలకుంట తోలుబొమ్మల తోలు కూడా ఇలాంటిదే, వెలుతురు ఇవతలికి కనబడేది అందుకే. డప్పుకీ బొమ్మలాటకీ ఆ గుణం వరం. కుందేలు బొమ్మకి మాత్రం శాపం. వానాకాలం ఉబ్బి, ఎండాకాలం ముడుచుకుని కుట్లు తెంపుకుంటుంది. కాబట్టి తోలుని పదును చేయాలి.

దానికి ముందు పులుపు. ఈ పనివాళ్లు దీన్ని పికిల్ అంటారు. 4 లీటర్ల నీటిలో సుమారు అర కిలో ఉప్పు, 85–90 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగిస్తే నీటి పీహెచ్ (పులుపుని కొలిచే లెక్క) 2 దగ్గరికి దిగుతుంది. అంత పులుపులో కుళ్లబెట్టే బ్యాక్టీరియా పెరగవు. పులుపు కోలాజెన్ పోగుల్ని కాస్త విడదీసి, తరవాత వచ్చే మందు లోపలికి వెళ్లడానికి దారి చేస్తుంది. మరి ఉప్పెందుకు? ఉప్పు లేకుండా ఒట్టి పులుపులో వేస్తే కోలాజెన్ నీరు తాగి తోలు జిగురుముద్దలా ఉబ్బి బలం పోతుంది. ఉప్పు ఆ ఉబ్బుని ఆపుతుంది. ఈ రెండూ కలిసే ఉండాలి. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, లోహపు పాత్ర పనికిరాదు. మూడు రోజులపాటు రోజుకి రెండు మూడుసార్లు కలియబెట్టాలి. పీహెచ్ కాగితంతో చూసి 2.5 దాటితే మళ్లీ కాస్త నిమ్మ ఉప్పు వేయాలి. ఇంటర్నెట్‌లో చూసి బ్యాటరీ యాసిడ్ తెచ్చేవాళ్లున్నారు. నేర్చుకునేవాళ్లకి అది వద్దు.

మూడు రోజులయ్యాక పులుపు విరవాలి. 4 లీటర్ల నీటికి 30 గ్రాముల వంట సోడా వేసి 15–20 నిమిషాలు ఉంచి కడిగేస్తే చాలు. ఎక్కువసేపు ఉంచితే బొచ్చు పట్టు సడలే ప్రమాదం మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అసలు పదును, అంటే టానింగ్. కోలాజెన్ పోగుల మధ్య కొత్త ముడులు వేసి, అవి తడికి ఉబ్బకుండా, కుళ్లకుండా చేయడం దీని పని. పటిక, ఉప్పు కలిపి చేసేది చాలా పాత పద్ధతి. తోలు తెల్లగా, మెత్తగా వస్తుంది, కానీ నీళ్లలో నానబెడితే పటిక కొట్టుకుపోయి మళ్లీ మొదటికొస్తుంది. మన ఊళ్లలో తోళ్లు ఊనినవాళ్లు తంగేడు బెరడు వాడేవారు. అది చెప్పులకి, మోట బొక్కెనలకి గొప్పది. బొచ్చు ఉన్న తోలుకి రంగు పట్టిస్తుంది కాబట్టి ఈ పనికి కుదరదు. ఇప్పుడు టాక్సిడెర్మీ వాళ్లు దుకాణంలో దొరికే తయారు మందులు వాడతారు. వాటి వెనక చాలా పరిశోధన ఉంది. మద్రాసులో 1948లో పుట్టిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థని ప్రపంచానికి తెలిసేలా చేసినాయన మన తెనాలి ప్రాంతం వాడే, యలవర్తి నాయుడమ్మ. 

పదును పెట్టిన తోలుని వెంటనే తొడగాల్సిన అవసరం లేదు. నూనె పట్టించి, నీరు పిండి, సంచిలో కట్టి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. ఇందాక చెప్పిన భయాలు ఇప్పుడు చాలావరకు పోయాయి. బ్యాక్టీరియా తినే కండ, కొవ్వు లేవు, బొచ్చు మొదళ్లు గట్టిపడ్డాయి. మొదటిసారి ఫ్రీజర్‌లో పెట్టడం పందెం లాంటిది, రెండోసారి పెట్టడం ఒట్టి సౌకర్యం.

తొడగడం గురించి ఎక్కువ చెప్పను, అది చూసి నేర్చుకోవాల్సింది. కొలతల ప్రకారం కొన్న లేదా చెక్కిన నురగ ఒంటికి జిగురు రాసి తోలు తొడుగుతారు. కంటి గుంటల్లో బంకమన్ను పెట్టి గాజు కళ్లు కూర్చోబెడతారు. చెవులకి అట్టలు కట్టి, పెదవులకి గుండుసూదులు గుచ్చి రెండు మూడు వారాలు ఆరనిస్తారు. ఆరేటప్పుడు తోలు లాక్కుంటుంది కాబట్టి రోజూ చూసి సర్దాలి. పక్షుల తోలు మరీ పలుచన. వాటికి ఈ పులుపు, పదును ఏవీ చేయరు. కొవ్వు తీసి, ఈకలు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, లోపల వెలిగారం పొడి రాసి తొడిగేస్తారు.

బొమ్మ పూర్తయ్యాక కూడా శత్రువులుంటాయి, ఈసారి పురుగులు. తోళ్లు తినే పెంకుపురుగులు, ఉన్నిచిమ్మటలు పడితే బొచ్చు మళ్లీ రాలుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బెకూర్ అనే ఆయన పాషాణం (ఆర్సెనిక్) కలిపిన సబ్బు కనిపెట్టాక పురుగుల బాధ తీరింది కానీ, ఆ విషం తరవాతి రెండు వందల ఏళ్ల బొమ్మల్లో ఇప్పటికీ ఉంది. పాత బంగళాల్లో గోడ మీది పులితలని ముద్దుగా నిమరకూడదు. ఇప్పటి మ్యూజియాలు పురుగు పట్టిన బొమ్మని సంచిలో కట్టి మైనస్ 20 డిగ్రీల్లో వారం, రెండు వారాలు ఉంచుతాయి. ఆ చలికి పురుగులూ గుడ్లూ చచ్చిపోతాయి. బ్యాక్టీరియాని చంపలేని చలి పురుగుని చంపగలదు.

ఇదంతా చదివి నీకూ చేయాలనిపిస్తే ఒక మాట గుర్తుపెట్టుకో. ఇంట్లో పెంచిన కోడి, మాంసం కోసం పెంచే కుందేలు సంగతి వేరు, అడవి జంతువు వేరు. రోడ్డు మీద చచ్చిపడిన నెమలినో, అడవిపిల్లినో జాలిపడి ఇంటికి తెచ్చుకోకూడదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. ఏ కారణంగా చేతికి వచ్చినా 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కో, అటవీ అధికారికో చెప్పి తీరాలి. లైసెన్సు లేకుండా అడవి జంతువుల తోలుతో ఈ పని చేయడం నేరం. మీ మామయ్యకి కూడా చెప్పు, అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ఇంకా అమల్లో ఉంది. దాని ప్రకారం పెరట్లో దొరికే చాలా రకాల పిట్టల ఈకలు కూడా అనుమతి లేకుండా దాచుకోకూడదు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కుందేళ్ల రైతునే అడగమను. ఈసారి మాత్రం కోసిన రోజునే వెళ్లి, ఐసు డబ్బాతో తెచ్చుకోమను.